లాగ్‌లో డ్రైవర్ పేరుంటే తప్పు డ్రైవర్‌దేనా?

లినక్స్ సర్వర్లు చూసుకునేవాళ్లకు నెట్‌వర్క్ కార్డ్ తంటా కొత్తేమీ కాదు. అప్లికేషన్ టీమ్ స్లోగా ఉందంటుంది. మానిటరింగ్‌లో పోర్ట్ డౌన్ అయి మళ్లీ అప్ అవుతుంటుంది. డీమెసేజ్ తెరిస్తే ‘నెట్‌దేవ్ వాచ్‌డాగ్, ట్రాన్స్‌మిట్ క్యూ 0 టైమ్డ్ అవుట్’ అని ఒక లైను, అందులో ఈ1000ఈ అనో ఐఎక్స్‌జీబీఈ అనో ఒక డ్రైవర్ పేరు. ఆ పేరు కంటపడగానే బ్రిడ్జ్ కాల్‌లో ఉన్నవాళ్లందరికీ ప్రాణం కుదుటపడుతుంది. టికెట్‌లో ‘డ్రైవర్ ఇష్యూ’ అని రాసి, వెండర్‌కి కేసు తెరిచి, సర్వర్ రీబూట్ చేసి ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. నాలుగు రోజుల తర్వాత అదే అలర్ట్ మళ్లీ మోగుతుంది. ఈసారి ఎస్కలేషన్ మెయిల్‌లో మీ పేరుంటుంది.

కేబుల్‌కి నోరు లేదు, ఆప్టిక్‌కి లేదు, మదర్‌బోర్డ్ మీది స్లాట్‌కి లేదు. కింద ఏ తేడా వచ్చినా కెర్నెల్‌కి కబురు అందించేది డ్రైవరే కాబట్టి లాగ్‌లో దాని పేరే పడుతుంది. డ్రైవర్ కోడ్‌లో నిజంగానే బగ్ ఉన్న సందర్భాలు లేకపోలేదు. అయినా అనుమానాల జాబితాలో దాని చోటు చివర.

ఇందుకు లినక్స్ చరిత్రలోనే ఒక పెద్ద కేసుంది. 2008లో కెర్నెల్ 2.6.27 ఇంకా పరీక్ష దశలో ఉన్నప్పుడు, ఇంటెల్ ఈ1000ఈ డ్రైవర్‌తో నడిచే కార్డులు కొన్ని పూర్తిగా పనికిరాకుండా పోయాయి. కార్డ్‌లోని ఎన్‌వీఎం, అంటే మ్యాక్ అడ్రస్, సెట్టింగ్స్ దాచుకునే మెమరీ, చెడిపోయింది. పాత కెర్నెల్‌కి వెళ్లినా కార్డ్ లేవలేదు. అందరూ ఈ1000ఈ మీద పడ్డారు. కొన్ని డిస్ట్రిబ్యూషన్లు తమ టెస్ట్ రిలీజ్‌లలో ఆ డ్రైవర్‌ని తాత్కాలికంగా ఆపేశాయి కూడా. చివరికి తేలిందేమిటంటే, తప్పు చేసింది ఎఫ్‌ట్రేస్ అనే ట్రేసింగ్ సదుపాయం. బూట్ అయ్యాక ఖాళీ అయిన కోడ్ అడ్రస్‌లను అది ఇంకా గుర్తుపెట్టుకుని అక్కడ మార్పులు రాయబోయేది. అదే అడ్రస్‌లోకి ఈలోగా కార్డ్ ఫ్లాష్ మెమరీ వచ్చి కూర్చునేది. 2.6.27.1లో డైనమిక్ ఎఫ్‌ట్రేస్‌ని ఆపేశారు. డ్రైవర్‌కి కూడా ఎన్‌వీఎం మీద రాతలు అడ్డుకునే రక్షణ పెట్టారు. కెర్నెల్ రాసేవాళ్లనే కొన్ని వారాలు తప్పుదారి పట్టించిన పేరది. రాత్రి షిఫ్ట్‌లో ఒంటరిగా కూర్చున్న మనల్ని పట్టించదా?

రీబూట్‌కి ముందు

కాల్‌లో మేనేజర్ మొదట అడిగేది ‘రీబూట్ చేస్తే పోతుందా?’ అనే. చాలాసార్లు పోతుంది. పోతుంది కాబట్టే ప్రమాదం. రీబూట్‌తో కార్డ్ కౌంటర్లు సున్నా అవుతాయి, డీమెసేజ్ బఫర్ ఖాళీ అవుతుంది, జర్నల్ డిస్క్ మీద దాచుకునే సెట్టింగ్ లేకపోతే పాత లాగ్ కూడా ఉండదు. ఆ తర్వాత వెండర్ అడిగే ఏ ప్రశ్నకూ మీ దగ్గర జవాబుండదు. రీబూట్ వద్దని వాదించకండి, ప్రొడక్షన్ డౌన్‌లో ఉన్నప్పుడు ఆ వాదన నెగ్గదు. ‘రెండు నిమిషాలు ఇవ్వండి, డేటా తీసుకుని చేస్తాను’ అనండి. ఆ రెండు నిమిషాల్లో నడిచే స్క్రిప్ట్ మీ హోమ్ డైరెక్టరీలో ముందే ఉండాలి. కాల్ నడుస్తుండగా కమాండ్లు గుర్తుచేసుకుంటూ టైప్ చేస్తే ఏదో ఒకటి మర్చిపోతారు.

స్క్రిప్ట్‌లో ఏముండాలంటే: టైమ్‌స్టాంప్‌తో డీమెసేజ్. ఐపీ లింక్ గణాంకాలు, మైనస్ ఎస్ రెండుసార్లు ఇచ్చి, అప్పుడే ఎర్రర్లు విడివిడిగా కనిపిస్తాయి. ఈథ్‌టూల్ మామూలుగా ఒకసారి, అంటే స్పీడ్, డ్యూప్లెక్స్, లింక్. ఈథ్‌టూల్ మైనస్ ఐ, అంటే డ్రైవర్ పేరు, వెర్షన్, ఫర్మ్‌వేర్ వెర్షన్, బస్ అడ్రస్. ఈథ్‌టూల్ మైనస్ క్యాపిటల్ ఎస్, అంటే కార్డ్ సొంత కౌంటర్లన్నీ. రింగ్ సైజు కోసం మైనస్ జీ, ఆఫ్‌లోడ్స్ కోసం మైనస్ కె, పాజ్ కోసం మైనస్ ఏ, ఆప్టిక్ ఉంటే మైనస్ ఎమ్. ప్రాక్ కింది ఇంటరప్ట్స్, సాఫ్ట్‌నెట్‌స్టాట్ ఫైళ్లు. చివరగా ఎల్ఎస్‌పీసీఐ, మూడు వీలతో, రూట్‌గా.

కౌంటర్లు ఒక్కసారి తీసుకుంటే లాభం లేదు. ‘సీఆర్‌సీ ఎర్రర్స్ 41,207’ అని కనిపిస్తే గుండె జారుతుంది, కాని అవి ఏడాది కిందట ఎవరో కేబుల్ మార్చినప్పుడు పడినవి కావచ్చు. పది సెకన్ల తేడాతో రెండుసార్లు తీసి తేడా చూడండి. కదులుతున్న కౌంటర్‌తోనే మనకు పని. టికెట్‌లో కూడా మొత్తం సంఖ్య రాయొద్దు, ‘10 సెకన్లలో ఇంత పెరిగింది’ అని రాయండి. ఇలా రాసినవాడిని అవతలి టీమ్ వేరే రకంగా చూస్తుంది.

ఇంకో విషయం. రీబూట్ అంటే కార్డ్‌కి కరెంట్ పోవడం కాదు. వేక్ ఆన్ లాన్ కోసమో, మేనేజ్‌మెంట్ కంట్రోలర్ కోసమో కార్డ్‌కి స్టాండ్‌బై పవర్ అందుతూనే ఉంటుంది, లోపల ఇరుక్కున్న ఫర్మ్‌వేర్ అలాగే ఇరుక్కుని ఉండొచ్చు. 2013లో బయటపడిన ఇంటెల్ 82574ఎల్ వ్యవహారం ఇలాంటిదే. ఒక ప్యాకెట్‌లో ఒక నిర్దిష్ట స్థానంలో ఒక నిర్దిష్ట బైట్ వస్తే చాలు, కార్డ్ మూగబోయేది. పవర్ పూర్తిగా తీసి పెడితేగాని లేచేది కాదు. ఒక మదర్‌బోర్డ్ తయారీదారు ఈఈప్రామ్‌ని తప్పుగా ప్రోగ్రామ్ చేయడమే కారణమని ఇంటెల్ చెప్పింది. అందుకే రీబూట్‌తో బాగవలేదంటే కార్డ్ చచ్చిందని తేల్చేయకండి. పవర్ కేబుళ్లు రెండూ పీకించి, కాసేపు ఆగి పెట్టించండి.

సీఆర్‌సీ పెరిగితే వైరు వైపు చూడండి

రిసీవ్ సీఆర్‌సీ ఎర్రర్ అంటే ఫ్రేమ్ దారిలో పాడై వచ్చిందని. డ్రైవర్‌ని ఎన్నిసార్లు అప్‌గ్రేడ్ చేసినా పాడైన ఫ్రేమ్ బాగుపడదు. మీ సర్వర్ రిసీవ్ వైపు ఈ కౌంటర్ పెరుగుతుంటే తప్పు స్విచ్ ట్రాన్స్‌మిటర్‌లోనో, కేబుల్‌లోనో, మీ కార్డ్ రిసీవర్‌లోనో ఉంటుంది. నెట్‌వర్క్ టీమ్ ‘మా పోర్ట్ క్లీన్‌గా ఉంది’ అంటే అబద్ధం కాదు, వాళ్లు చూసేది వాళ్ల వైపుకి వచ్చే ఫ్రేమ్‌ల లెక్క. మీరు అటు పంపేవి బాగానే వెళ్తుండొచ్చు. ఈ ఒక్క మాట అర్థం కాక గంటల తరబడి కాల్స్ నడుస్తాయి.

దీనికో మెలిక కూడా ఉంది. కట్ త్రూ పద్ధతిలో పనిచేసే స్విచ్ ఫ్రేమ్ పూర్తిగా అందకముందే అవతలికి పంపడం మొదలుపెడుతుంది. సీఆర్‌సీ ఉండేది ఫ్రేమ్ చివర్లో. తప్పని తెలిసేసరికి సగం ఫ్రేమ్ మీ సర్వర్‌కి చేరిపోయి ఉంటుంది. అంటే మీ పోర్ట్‌లో కనిపించే సీఆర్‌సీ ఎర్రర్‌కి కారణం రెండు ర్యాక్‌ల అవతల ఇంకెవరి కేబులో కావచ్చు. ఒకే స్విచ్ మీదున్న నాలుగైదు సర్వర్లలో ఒకేసారి సీఆర్‌సీ పెరుగుతుంటే వాటన్నిటి కేబుళ్లూ ఒకేసారి చెడవు కదా. ఆ స్విచ్‌లో ఇన్‌పుట్ ఎర్రర్లు ఏ పోర్ట్‌లో పెరుగుతున్నాయో చూడమని అడగండి.

రాగి కేబుల్ మీద ఇంకో పాత పరిచయం: గిగాబిట్ రావాల్సిన పోర్ట్ 100 మెగాబిట్స్‌లో లింక్ అవడం. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతలూ కావాలి, 100కి రెండు చాలు. ఒక జత క్రింపింగ్‌లో సరిగా తగలకపోతే కార్డూ స్విచ్చూ సర్దుకుని 100కి దిగుతాయి. ఎర్రర్ ఒక్కటీ ఉండదు, స్లో మాత్రం ఉంటుంది. ఇలాంటప్పుడు స్విచ్ వైపు స్పీడ్ ఫోర్స్ చేయమనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు, వినకండి. గిగాబిట్ కాపర్‌లో ఆటో నెగోషియేషన్ తప్పనిసరి. ఒక వైపు 100 ఫుల్ డ్యూప్లెక్స్ అని ఫోర్స్ చేసి మరో వైపు ఆటోలో వదిలితే, ఆటో వైపు హాఫ్ డ్యూప్లెక్స్‌కి దిగిపోతుంది. అక్కడ లేట్ కొలిజన్లు, ఇక్కడ సీఆర్‌సీలు. లోడ్ లేనప్పుడు పింగ్ బాగుంటుంది, బ్యాకప్ మొదలవగానే నరకం.

ఫైబర్ అయితే ఈథ్‌టూల్ మైనస్ ఎమ్ రిసీవ్ పవర్ చూపిస్తుంది. 10 గిగ్ ఎస్‌ఆర్ ఆప్టిక్‌కి ప్రమాణం ప్రకారం కనీస రిసీవ్ పవర్ మైనస్ 9.9 డీబీఎం. మీది మైనస్ 9 దగ్గర ఊగుతుంటే లింక్ పడిపోకపోయినా నమ్మకానికి పనికిరాదు. ముందు కనెక్టర్ శుభ్రం చేయించండి. కొత్త ఆప్టిక్ ఆర్డర్ పెట్టేముందు క్లీనింగ్ పెన్ వాడిన చోట చాలా కేసులు అక్కడే ముగుస్తాయి.

మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చండి: కేబుల్, తర్వాత ఆప్టిక్, తర్వాత స్విచ్ పోర్ట్, చివర కార్డ్. డేటా సెంటర్‌లో ఉన్న రిమోట్ హ్యాండ్స్ మనిషికి ర్యాక్ నంబర్ చెప్పి ఊరుకోకుండా, ఈథ్‌టూల్ మైనస్ పీ తో పోర్ట్ లైట్ మిణుకుమనేలా చేసి చూపించండి. పక్క సర్వర్ కేబుల్ పీకి కొత్త ఇన్సిడెంట్ తెచ్చుకున్న టీమ్‌లు చాలా ఉన్నాయి. తీసేసిన కేబుల్‌ని అక్కడే కత్తిరించి పారేయమనండి. లేకపోతే అది స్పేర్ల డబ్బాలోకి వెళ్లి వచ్చే నెల ఇంకో సర్వర్‌కి తగులుకుంటుంది.

డ్రాప్ అంటే ఏ డ్రాప్?

‘ప్యాకెట్స్ డ్రాప్ అవుతున్నాయి’ అని వచ్చే టికెట్లలో సగానికి ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో రాసినవాళ్లకే తెలియదు. కౌంటర్ పేరు అడగండి. రిసీవ్ మిస్డ్ వేరు, రిసీవ్ డ్రాప్డ్ వేరు.

మిస్డ్ పెరిగితే ఫ్రేమ్ కార్డ్ దాకా బాగానే వచ్చింది, దించుకోవడానికి చోటు లేక కార్డ్ వదిలేసింది. రింగ్ నిండిపోయిందన్నమాట. ఎంత త్వరగా నిండుతుందో లెక్క చూడండి. 10 గిగాబిట్ లింక్ మీద అతి చిన్న ఫ్రేమ్‌లు సెకనుకు 1.488 కోట్ల దాకా రాగలవు. రింగ్‌లో 512 చోట్లుంటే దాదాపు 34 మైక్రోసెకన్లలో నిండిపోతుంది. పెద్ద ఫ్రేమ్‌లైతే ఇంకాస్త వ్యవధి ఉంటుంది, అయినా మిల్లీసెకను లోపే. ఈ లోపల సీపీయూ వచ్చి ఖాళీ చేయకపోతే అంతే. మీ గ్రాఫ్ ఐదు నిమిషాల సగటు చూపిస్తూ ‘లింక్ 12 శాతమే వాడుకలో ఉంది’ అంటుంది. సగటు నిజమే, ఆ క్షణం సంగతి సగటులో కనిపించదు.

ఒక మామూలు కేసు. రాత్రి బ్యాకప్ మొదలయ్యే వేళకి రోజూ మిస్డ్ పెరుగుతోంది. ఐజీబీ డ్రైవర్, రింగ్ 256లో ఉంది, గరిష్ఠం 4096. చాలామంది వెంటనే 4096కి పెంచేస్తారు. పెంచడం తప్పు కాదు, కాని ముందు ప్రాక్ కింది ఇంటరప్ట్స్ ఫైల్ చూడండి. క్యూలన్నీ ఒకే సీపీయూ మీద పడుతుంటే, అదే సీపీయూ మీద బ్యాకప్ ఏజెంట్ కంప్రెషన్ కూడా నడుస్తుంటే, రింగ్ పెంచడం సమస్యను కాసేపు వాయిదా వేస్తుంది. ఐఆర్‌క్యూ బ్యాలెన్స్ సర్వీస్ నడుస్తోందా, ఎవరైనా ఆపేశారా చూడాలి. సాఫ్ట్‌నెట్‌స్టాట్‌లో రెండో నిలువు వరుస పెరిగితే కెర్నెల్ బ్యాక్‌లాగ్ క్యూ నిండిందని, మూడోది పెరిగితే ఇచ్చిన బడ్జెట్‌లో పని పూర్తవలేదని అర్థం. రింగ్ మార్చినప్పుడు చాలా డ్రైవర్లు ఇంటర్‌ఫేస్‌ని రీసెట్ చేస్తాయని కూడా గుర్తుంచుకోండి. ఆ క్షణంలో లింక్ పడుతుంది, బాండ్ ఉంటే రెండో పోర్ట్‌కి మారుతుంది, క్లస్టర్ ఏమనుకుంటుందో చెప్పలేం. చేంజ్ విండో లేకుండా ముట్టుకోవద్దు.

ఐపీ లింక్‌లో కనిపించే డ్రాప్డ్ కథ వేరు. 2.6.37 కెర్నెల్ నుంచి, తీసుకునేవాడు లేని ఫ్రేమ్‌లను కూడా అందులోనే లెక్కేస్తున్నారు: తెలియని ప్రోటోకాల్, కాన్ఫిగర్ చేయని వీలాన్ లాంటివి. స్విచ్ పంపే ఏవో అనౌన్స్‌మెంట్లు మీ సర్వర్‌కి అక్కర్లేదు, అవి డ్రాప్ అయితే నష్టమేమీ లేదు. పరీక్ష సులువు. టీసీపీడంప్ ఆ ఇంటర్‌ఫేస్ మీద నడపండి. అది నడుస్తున్నంతసేపు కౌంటర్ ఆగిపోయి, ఆపగానే మళ్లీ పెరిగితే అవి ఇలాంటి అనాథ ఫ్రేమ్‌లే. ఇది తెలియక ట్యూనింగ్ పేరుతో సిస్‌కంట్రోల్ ఫైల్‌లో పదిహేను లైన్లు చేర్చిన సర్వర్లు ప్రతి కంపెనీలోనూ ఉంటాయి. ఆ లైన్లను తీసేసే ధైర్యం ఆ తర్వాత ఎవరికీ ఉండదు.

టీసీపీడంప్ మాట వచ్చింది కాబట్టి: పంపే సర్వర్ మీదే క్యాప్చర్ తీస్తే చెక్‌సమ్ తప్పని చూపిస్తుంది, కంగారు పడొద్దు. చెక్‌సమ్ వేసేది కార్డ్, టీసీపీడంప్ చూసేది అది వేయకముందు. 1500 ఎమ్‌టీయూ ఉన్నచోట పెద్ద పెద్ద ప్యాకెట్లు కనిపించినా అంతే, వాటిని ముక్కలు చేసేది కూడా కార్డే. వీటిని సాక్ష్యంగా చూపిస్తూ వెండర్‌కి మెయిల్ పెడితే మీ తర్వాతి మెయిల్స్‌ని ఎవరూ సీరియస్‌గా చదవరు.

క్యూ టైమ్డ్ అవుట్

మొదట్లో చెప్పిన వాచ్‌డాగ్ లైన్‌కి వద్దాం. పంపడానికి ప్యాకెట్లు పెట్టి, క్యూ ఆగిపోయి, డిఫాల్ట్‌గా ఐదు సెకన్లు దాటినా కార్డ్ నుంచి ‘పంపేశాను’ అన్న కబురు రాకపోతే కెర్నెల్ ఈ లైన్ రాసి, కార్డ్‌ని రీసెట్ చేయమని డ్రైవర్‌కి చెబుతుంది. డ్రైవర్ తన వ్యవధి తను పెట్టుకోవచ్చు కూడా. చాలా కెర్నెల్స్‌లో ఈ వార్నింగ్ బూట్‌కి ఒక్కసారే పడుతుంది. లాగ్‌లో ఒక్క లైనే ఉందని ఒక్కసారే జరిగిందనుకోవద్దు. సిస్ ఫైల్‌సిస్టమ్‌లో ఒక్కో ట్రాన్స్‌మిట్ క్యూ కింద టీఎక్స్ టైమౌట్ అని ఒక ఫైల్ ఉంటుంది, అసలు లెక్క అందులో ఉంటుంది.

కబురు ఎందుకు రాలేదనేదే ప్రశ్న. స్విచ్ పాజ్ ఫ్రేమ్‌లు కుమ్మరిస్తూ ఉండొచ్చు. ఫ్లో కంట్రోల్ ఆన్‌లో ఉంటే ఆగమని చెప్పినంతసేపూ కార్డ్ ఆగుతుంది, ఇది దాని తప్పు కాదు. ఈథ్‌టూల్ కౌంటర్లలో పాజ్ లేదా ఎక్స్ఆఫ్ అన్న పేర్లు చూడండి. ఇంటరప్ట్ దారి తప్పి ఉండొచ్చు. సీపీయూ ఎక్కడో ఇరుక్కుని ఉండొచ్చు, అలాంటప్పుడు అదే సమయానికి సాఫ్ట్ లాకప్ మెసేజ్ కూడా ఉంటుంది. వర్చువల్ మెషీన్ అయితే హోస్ట్ మీద లోడ్ ఎక్కువై ఉండొచ్చు.

ఈ1000ఈ డ్రైవర్ ‘డిటెక్టెడ్ హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్’ అని రాసి, కింద టీడీహెచ్, టీడీటీ అని రెండు విలువలు ఇస్తుంది. టీడీటీ అంటే డ్రైవర్ ఎంతవరకు పని అప్పజెప్పిందో. టీడీహెచ్ అంటే హార్డ్‌వేర్ ఎంతవరకు చేసిందో. ఒకదాని వెనక ఒకటి వచ్చే మెసేజ్‌లలో టీడీహెచ్ కదలకుండా ఉంటే హార్డ్‌వేర్ వైపే ఆగిపోయింది. రెండూ కలిసిపోయినా డ్రైవర్ శుభ్రం చేసుకోవలసిన చోటు వెనకబడి ఉంటే, పని అయింది, కబురు మాత్రం చేరలేదు. వెండర్ మొదట చూసేది ఈ తేడానే. మెసేజ్ మొత్తం కాపీ చేయకుండా మొదటి లైన్ మాత్రమే స్క్రీన్‌షాట్ తీసి పంపేవాళ్లు ఇందుకే నాలుగు రోజులు పోగొట్టుకుంటారు.

ఐ217, ఐ219 లాంటి ఆన్‌బోర్డ్ కార్డ్‌ల మీద ఈ హ్యాంగ్‌కి అందరూ వాడే తాత్కాలిక మందు టీఎస్‌ఓ (పెద్ద ప్యాకెట్లను కార్డే ముక్కలు చేయడం) ఆఫ్ చేయడం, ఒక్కోసారి జీఎస్‌ఓ కూడా. గిగాబిట్ మీద దాని ఖర్చు కాస్త సీపీయూ, భరించొచ్చు. అదే కమాండ్‌ని రన్‌బుక్‌లోంచి కాపీ చేసి 25 గిగ్ కార్డ్ మీద వాడితే సీపీయూకి ప్యాకెట్లు ముక్కలు చేయడానికే సరిపోతుంది, ఆ ఫిర్యాదు వేరే టికెట్‌గా వస్తుంది.

స్లాట్‌ని మర్చిపోవద్దు. ఎల్ఎస్‌పీసీఐలో లింక్ స్టేటస్ పక్కన ‘డౌన్‌గ్రేడెడ్’ అని ఉందా చూడండి. పొడవు చూస్తే ఎక్స్8 లాగే ఉండి, లోపల నాలుగు లేన్లే ఉన్న స్లాట్లు ఉంటాయి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ రెండో తరం నాలుగు లేన్లంటే 16 గిగాబిట్లు. అందులో రెండు 10 గిగ్ పోర్టుల కార్డ్ పెట్టి ఫుల్ స్పీడ్ రాలేదని డ్రైవర్‌ని తిట్టి ప్రయోజనం లేదు. ఏఈఆర్ కరెక్టెడ్ ఎర్రర్లు అప్పుడొకటి ఇప్పుడొకటి వస్తే గమనిస్తూ ఉండండి. వరదలా వస్తుంటే కార్డ్ తీసి మళ్లీ కూర్చోబెట్టించండి, రైజర్ మార్చించండి. రిజిస్టర్ చదివితే అన్నీ ఎఫ్‌లు వస్తున్నాయంటే కార్డ్ బస్ మీదే లేదు. పవర్ ఆదా కోసం లింక్‌ని నిద్రపుచ్చే ఏఎస్‌పీఎం కొన్ని కార్డ్‌లతో పొసగదు. బూట్ పారామీటర్‌తో దాన్ని ఆపి చూడటం తక్కువ ఖర్చు పరీక్ష.

ప్యాచింగ్ మర్నాడు

కెర్నెల్ అప్‌డేట్ తర్వాత ఇంటర్‌ఫేస్ రాలేదంటే అప్పుడు డ్రైవర్‌ని అనుమానించడం న్యాయమే, అయినా మొదట చూడాల్సినవి చిన్న విషయాలు. ఫర్మ్‌వేర్ ఫైల్ లోడ్ కాలేదని డీమెసేజ్‌లో ఉందా? రియల్‌టెక్ కార్డ్‌కి వెండర్ ఇచ్చిన ఆర్8168 మాడ్యూల్ పాత కెర్నెల్‌కి కట్టినది కాబట్టి పోయి, కెర్నెల్‌లో ఉన్న ఆర్8169 వచ్చి కూర్చుందా? ఇంటర్‌ఫేస్ పేరు మారి కాన్ఫిగ్ దొరకలేదా? ఐఎక్స్‌జీబీఈ ‘అన్‌సపోర్టెడ్ ఎస్‌ఎఫ్‌పీ’ అంటోందా? ఈ చివరిదానికి మాడ్యూల్ ఆప్షన్ ఉంది, దానివల్ల మీ చవక ఆప్టిక్ పనిచేస్తుంది. ఆ ఆప్షన్ మోడ్‌ప్రోబ్ ఫైల్‌లో ఉన్నా బూట్ ఇమేజ్ మళ్లీ కట్టలేదని ప్యాచింగ్ రాత్రి తెలియడం మాత్రం చాలా ఖరీదైన పాఠం.

రిమోట్‌గా పనిచేసేవాళ్లకి ఒక హెచ్చరిక. ఎస్‌ఎస్‌హెచ్‌లో కూర్చుని అదే కార్డ్ డ్రైవర్‌ని అన్‌లోడ్ చేయడం కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. తీయడం, ఎక్కించడం ఒకే లైన్‌లో, బ్యాక్‌గ్రౌండ్‌లో నడపండి. పది నిమిషాల తర్వాత పాత సెట్టింగ్ తిరిగి పెట్టే పనిని ముందే షెడ్యూల్ చేయండి, అంతా బాగుంటే రద్దు చేసుకోవచ్చు. ఐడ్రాక్, ఐలో లాంటి కన్సోల్‌లోకి ముందే లాగిన్ అయి ఉండండి, పాస్‌వర్డ్ పనిచేస్తుందో లేదో అప్పుడే తేలుతుంది. ఆ కన్సోల్ కూడా అదే కార్డ్ పోర్ట్‌ని పంచుకునేలా కాన్ఫిగర్ చేసి ఉంటే, కార్డ్ పడినప్పుడు రెండు తలుపులూ ఒకేసారి మూసుకుంటాయి. ఈథ్‌టూల్ ఆఫ్‌లైన్ సెల్ఫ్ టెస్ట్ కూడా ట్రాఫిక్‌ని ఆపుతుంది, ప్రొడక్షన్‌లో వాడొద్దు.

క్లౌడ్‌లో ఉన్నవాళ్లకి కేబుల్ బాధ లేదు, వేరే బాధ ఉంది. అమెజాన్ ఈసీ2లో ఈఎన్ఏ డ్రైవర్ కౌంటర్లలో ‘అలవెన్స్ ఎక్సీడెడ్’ అని ముగిసే పేర్లు చూడండి: బ్యాండ్‌విడ్త్‌కి, సెకనుకి ప్యాకెట్ల సంఖ్యకి, కనెక్షన్ ట్రాకింగ్‌కి విడివిడిగా ఉంటాయి. అవి కదులుతుంటే మీరు కొనుక్కున్న ఇన్‌స్టాన్స్ పరిమితి దాటారు. అది బడ్జెట్ ప్రశ్న, మేనేజర్‌కి అలాగే చెప్పండి.

ఇక ఆర్‌సీఏ. సర్వర్ టీమ్, నెట్‌వర్క్ టీమ్, వెండర్ ముగ్గురూ ఎవరి కంచె వాళ్లు కాచుకుంటారు, దాన్ని చెడ్డతనం అనుకోవద్దు. మీ అప్రైజల్‌లాగే వాళ్ల అప్రైజల్ కూడా ఉంది. ‘మీ స్విచ్ ప్రాబ్లమ్’ అని రాస్తే ఎదురుదాడి వస్తుంది. ‘02:10 నుంచి 02:20 మధ్య మా రిసీవ్ సీఆర్‌సీ 340 పెరిగింది, అదే సమయంలో మిస్డ్ పెరగలేదు, ఇదే స్విచ్ మీదున్న మరో రెండు సర్వర్లలోనూ ఇదే కనిపించింది, మీ అప్‌లింక్ పోర్టుల ఇన్‌పుట్ ఎర్రర్లు ఈ సమయానికి చూడగలరా’ అని రాస్తే పని జరుగుతుంది. రూల్ అవుట్ చేసినవి కూడా రాయండి. ఏది కాదో చెప్పగలిగిన మనిషినే తర్వాతి పెద్ద ఇన్సిడెంట్‌కి పిలుస్తారు, ప్రమోషన్ చర్చలో గుర్తొచ్చేది కూడా ఆ పేరే.

కారణం తేలకుండానే కేసు మూయాల్సి వస్తే, ‘డ్రైవర్ అప్‌గ్రేడ్ చేశాం, సమస్య పోయింది’ అని మాత్రం రాయకండి. అప్‌గ్రేడ్‌తో పాటు రీబూట్ అయింది, ఫర్మ్‌వేర్ మారింది, ఎవరో కేబుల్ కూడా కదిపి ఉంటారు. ఏది పనిచేసిందో తెలియదని రాసి, మళ్లీ వస్తే ఏ డేటా తీసుకోవాలో రాయండి. టీఎస్‌ఓ ఆఫ్ లాంటి తాత్కాలిక మార్పు చేస్తే అది రీబూట్ తర్వాత కూడా నిలిచేలా నెట్‌వర్క్ మేనేజర్‌లోనో, సిస్టమ్‌డీ లింక్ ఫైల్‌లోనో పెట్టండి. ఈథ్‌టూల్‌తో చేసింది బూట్‌తో పోతుంది. ఎందుకు పెట్టారో, ఏ ఫర్మ్‌వేర్ లేదా కెర్నెల్ వెర్షన్ వచ్చాక తీసి చూడాలో పక్కనే కామెంట్‌గా రాయండి. ఆ తీసి చూసే పనికి రిమైండర్‌ని మీ క్యాలెండర్‌లో పెట్టుకోకండి, టీమ్ క్యూలో టికెట్‌గా పెట్టండి. అప్పటికి మీరు వేరే ప్రాజెక్ట్‌లో ఉండొచ్చు.